ఇంటర్నెట్ పైపు జామ్ అయితే కిటికీకి కన్నం పెట్టించకండి

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చిన రోజు అందరం దాదాపు ఒకే పని చేస్తాం. ప్రతి ట్యాపూ తిప్పి చూస్తాం, ప్రతి స్విచ్చూ వేసి చూస్తాం, బాత్‌రూమ్‌లో బకెట్ నీళ్లు గుమ్మరించి వాలు సరిగ్గా ఉందో లేదో చూస్తాం. టీవీ పెట్టే గోడ మీద ఒక తెల్ల ప్లేటు బిగించి ఉంటుంది. దాని వెనక, ఇంటర్నెట్ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు నోరు కనిపిస్తుంది. ఆ పైపు అవతలి కొస దాకా తెరుచుకుని ఉందా లేదా అని మాత్రం ఎవరం చూడం. అందులోంచి ఏదైనా లాగాల్సి వస్తేనే ఆ సంగతి బయటపడుతుంది. చాలా ఇళ్లలో అది ఫైబర్ కనెక్షన్ పెట్టించుకునే రోజే.

మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, మూడో అంతస్తు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు కారిడార్‌లో ఉన్న షాఫ్ట్ (అంతస్తుల మధ్య కేబుళ్లు నిలువునా వెళ్లే సందు) తలుపు తీసి, అక్కణ్ణుంచి మా హాల్లోకి వచ్చే పైపులోకి కేబుల్ తోశాడు. కొంత దూరం సాఫీగానే వెళ్లి ఆగిపోయింది. వెనక్కి లాగి, కొస సరిచేసి మళ్లీ తోశాడు. అక్కడే ఆగింది. "పైపు జామ్ మేడమ్. కిటికీ ఫ్రేమ్‌కి చిన్న హోల్ కొట్టి బయటి నుంచి తెచ్చేస్తా, పది నిమిషాల పని" అన్నాడు. అప్పటికే డ్రిల్ మిషన్ బ్యాగులోంచి బయటికి తీశాడు.

నేను వద్దన్నాను. పైపు తెరిపించాకే పిలుస్తానని చెప్పి పంపేశాను. ఇంట్లోవాళ్లకు నా పట్టుదల నచ్చలేదు. "ఇంటర్నెట్ వస్తే చాలు కదా, ఎటునుంచి వస్తే ఏం" అన్నారు. ఎటునుంచి వస్తోందన్నది ముఖ్యమే అని నా నమ్మకం. మూసుకుపోయిన పైపు కట్టడంలో జరిగిన లోపం. దాన్ని కనెక్షన్ ఇచ్చే రోజు తలెత్తిన చిన్న చిక్కుగా తీసిపారేసి పక్కదారి వెతికితే, ఆ లోపం మన గోడలోనే శాశ్వతంగా ఉండిపోతుంది, చేసినవాళ్లకు తెలియకుండానే పోతుంది.

ఆ కుర్రాడి మీద నాకే కోపమూ లేదు. ఈ పని చేసేవాళ్లలో చాలామందికి కనెక్షన్‌కి ఇంత అని లెక్క. మా ఇంటి పైపు దగ్గర సగం రోజు కూర్చుంటే ఆ పూట అతని సంపాదన పోతుంది. కిటికీ దారి చూపించడం అతని వైపు నుంచి సబబే. ఆ కన్నంతో ఏళ్ల తరబడి ఉండాల్సింది మాత్రం మనం.

ఎందుకంటే బయట వేలాడే కేబుల్ చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ, దాని లోపలున్నది గాజు పోగు. పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లు మాత్రమే. నల్ల తొడుగు లోపల దానికి అటూ ఇటూ రెండు గట్టి పుల్లలు ఉంటాయి, లాగినప్పుడు బరువు మోసేవి అవే. ఇళ్లకు వాడే జి.657 రకం పోగులు వంపును బాగానే తట్టుకుంటాయి. ఎ1 రకానికి 10 మిల్లీమీటర్లు, ఎ2 రకానికి 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా వంపు ఫరవాలేదు. అయితే స్లైడింగ్ కిటికీ రెక్క కింద నలిగే వంపు ఈ లెక్కలోకి రాదు. దోమల మెష్ రెక్కను రోజూ పొద్దున్నా సాయంత్రం జరిపే ఇంట్లో కేబుల్ ఆ పట్టాల పక్కనే ఉంటే ఎన్నాళ్లు బాగుంటుంది?

ఇక్కడ వెలుగు సంగతి కూడా చెప్పాలి. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి జీపాన్. కంపెనీ వైపు పరికరం నుంచి బయల్దేరిన ఒక్క పోగు దారిలో స్ప్లిట్టర్ల దగ్గర చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తుంది. 32 ఇళ్లకు చీల్చడంలోనే సుమారు 17 డెసిబెల్స్ వెలుగు తగ్గిపోతుంది. మన ఇంట్లో పెట్టే డబ్బా సాధారణంగా మైనస్ 27 డీబీఎం (అందే వెలుగు బలాన్ని కొలిచే లెక్క) దాకా అందిన వెలుగును చదవగలదు, అంతకన్నా తగ్గితే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ మధ్యనున్న కాస్త వెసులుబాటును ఒక నలిగిన వంపు, ఒక మట్టి పట్టిన కనెక్టర్ మింగేయగలవు. వానాకాలంలో మాత్రమే నెట్ పోతోందని, ఎవరో వచ్చి కేబుల్ కదిపితే మళ్లీ వస్తోందని చెప్పేవాళ్ల ఇళ్లలో కేబుల్ ఎటునుంచి వచ్చిందో ఒకసారి చూడండి.

పైగా కిటికీ ఫ్రేమ్‌కి కొట్టిన కన్నంలోంచి, కేబుల్ వెంబడే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. యూపీవీసీ ఫ్రేమ్ లోపల నీళ్లు బయటికి పోవడానికి గదులుంటాయి, కన్నం పడితే వాటి దారి మారిపోతుంది. బయట గోడకు రంగులు వేసేవాళ్లు అడ్డొచ్చిన కేబుల్‌ను పక్కకు లాగుతారు. కోతులు తిరిగే కాలనీల్లో కేబుళ్ల గతి ఏమిటో అక్కడివాళ్లను అడిగితే చెప్తారు.

అసలు ఆ పైపు ఎందుకు మూసుకుపోతుంది? మూసుకుపోయేది చాలావరకు స్లాబు పోసే రోజునే. సెంట్రింగ్ మీద ఇనుము కట్టాక, ఆ చువ్వల మధ్య ఎలక్ట్రీషియన్లు పీవీసీ పైపులు పరిచి బైండింగ్ వైరుతో కడతారు. ఫ్యాన్ బాక్సులు, జంక్షన్ బాక్సులు పెడతారు. కింద గోడ రావాల్సిన చోట పైపు కొసను స్లాబు అడుగు నుంచి కొంచెం బయటికి వదులుతారు. ఆ తర్వాత కాంక్రీటు పడుతుంది. పంపు గొట్టం లాగేవాళ్లు, పారలతో సర్దేవాళ్లు, వైబ్రేటర్ పట్టుకున్నవాళ్లు, అందరూ ఆ పైపుల మీదే నడుస్తారు. సొల్యూషన్ (పీవీసీ జిగురు) పూయకుండా గుచ్చేసిన కప్లింగ్, అంటే రెండు పైపులను కలిపే ముక్క, అక్కడే ఊడుతుంది. ఊడిన సందులోంచి, మూత పెట్టని కొసలోంచి సిమెంటు పాలు లోపలికి దిగుతాయి. మర్నాటికి రాయి అయిపోతాయి. కొసలో కాగితం కుక్కి టేపు చుట్టడానికి ఒక నిమిషం పట్టదు, కానీ ఆ హడావిడిలో చేసేవాళ్లు తక్కువ.

తర్వాత సెంట్రింగ్ విప్పుతారు. గోడలు లేస్తాయి. వేరే జట్టు వచ్చి గోడలో గాడి కొట్టి, కింది బాక్సు నుంచి పైకి పైపు పెట్టి, స్లాబులోంచి వేలాడుతున్న కొసకు కప్లింగ్‌తో కలుపుతుంది. పై కొసలో సిమెంటు ఉందా లేదా అని వాళ్లు చూడరు. గాడి పూడ్చేస్తారు, ప్లాస్టరింగ్ అవుతుంది, పుట్టీ, రంగు.

కరెంటు పైపులకూ ఇదే గతి పడుతుంది. కానీ ఫ్లాటు అప్పగించే ముందే వాటిలో వైర్లు లాగాలి కాబట్టి, జామ్ అయిన పైపు వాళ్లకే దొరికిపోతుంది. తిట్టుకుంటూనో విసుక్కుంటూనో గోడ పగలగొట్టి సరిచేసుకుంటారు. ఇంటర్నెట్ పైపును ఖాళీగానే అప్పగిస్తారు. అందులో ఏదో ఒకటి మొదటిసారి లాగేది కొనుక్కున్న మనిషి. అంటే కట్టినవాళ్ల చేతిలో ఉండగా ఒక్కసారి కూడా పరీక్షకు నిలబడని వస్తువు ఫ్లాటు మొత్తంలో ఇదే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒక తాడు లాగి చూస్తే తేలిపోయే విషయాన్ని, కోటి రూపాయలకు అటూ ఇటూ పెట్టి కొన్నవాళ్ల నెత్తిన వదిలేయడం న్యాయం కాదు.

మేం పిలిపించిన ఎలక్ట్రీషియన్ చాలా ఏళ్లుగా ఈ వైపు ఇళ్లకు వైరింగ్ చేస్తున్న పెద్దాయన. వచ్చీ రాగానే మెయిన్ ఆఫ్ చేయించారు. ఇది తప్పనిసరి. మీకు చెప్పిన ప్లాన్ ప్రకారం ఆ పైపులో కరెంటు ఉండకపోవచ్చు. కానీ దారిలో ఏదో జంక్షన్ బాక్సులో కరెంటు వైర్లు కలిసి ఉంటే, ఇనుప తీగ తోసిన చేతికి ఆ సంగతి ముందుగా తెలియదు.

తర్వాత ఆయన అడిగింది, నిజంగా జామేనా అని. నాకు అప్పటిదాకా ఆ అనుమానమే రాలేదు. చదునుగా ఉండే ఫైబర్ కేబుల్‌ను తోస్తే రెండో మలుపు దగ్గరే మొరాయించవచ్చట. అక్కడ నిదానంగా తిరిగే లాంగ్ బెండ్ కాకుండా ఒక్కసారిగా తిరిగే ఎల్బో వేసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కేబుల్ తోసేది కాదు, లాగేది. ముందు ఎలక్ట్రీషియన్లు పైపుల్లోకి తోసే స్ప్రింగు తీగో నైలాన్ తీగో పంపి, దాని కొసకు కట్టి అవతలి నుంచి లాగాలి. చాలా ఇళ్లలో జామ్ అని తేల్చేసిన పైపుల్లో మలుపులు తప్ప ఏ అడ్డూ ఉండదని ఆయన అన్నారు. గాలి పంపితే తెలిసిపోతుంది. టీవీ బాక్సు దగ్గర ఇంట్లోని వాక్యూమ్ క్లీనర్ పెట్టి, షాఫ్ట్ వైపు నోటి దగ్గర టిష్యూ కాగితం పట్టుకున్నారు. గాలికి ఏ కాస్త దారి ఉన్నా కాగితం లోపలికి లాక్కుంటుంది. దారి ఉంటే చిన్న ప్లాస్టిక్ కవరు ముక్కకు దారం కట్టి వదిలినా చాలు, వాక్యూమ్ దాన్ని అవతలికి లాగేస్తుంది, ఆ దారంతో తాడు, తాడుతో కేబుల్. మా పైపు దగ్గర కాగితం కదల్లేదు.

అప్పుడు కొలత. టీవీ బాక్సు నుంచి స్ప్రింగు పైకి తోసి, ఆగిన చోట దాని మీద టేపు ముక్క అంటించి, బయటికి లాగి గోడ మీద ఆనించి చూశారు. సీలింగ్‌కు నాలుగైదు అంగుళాల కింద ఆగింది. షాఫ్ట్ వైపు నుంచి కూడా అలాగే కొలిచారు. అటునుంచి సుమారు పద్నాలుగు అడుగులు, అంటే స్లాబు దాటి కిందికి మలుపు తిరిగే దాకా వచ్చేసింది. రెండు కొలతలూ ఒకే మూలను చూపించాయి. స్లాబు నుంచి దిగిన కొసకు గోడ పైపు కలిపిన జాయింటు అది. "చూశావా అమ్మా, ఇద్దరి పని కలిసే చోటే ఉంది. స్లాబు పోసిన రోజు కొసకి మూత పెట్టుంటే ఈ గొడవే లేదు" అన్నారాయన.

గోడ మీద పెన్సిల్‌తో చదరం గీసి, చిన్న గ్రైండర్‌తో అంచులు కోసి, ఉలితో ప్లాస్టరింగ్ తీశారు. లోపల బూడిద రంగు కప్లింగ్ కనిపించింది. హ్యాక్సా బ్లేడుతో కింద ఒక కోత, పైన ఒక కోత. ఊడొచ్చిన ముక్కను నా చేతిలో పెట్టారు. లోపల సిమెంటు నిండి, పైపు లోపలి ఆకారమే దించుకుని, నున్నగా సుద్దముక్కలా ఉంది. బొటనవేలు పొడవు కూడా లేదు. పైపు గుండ్రదనం, కొస దగ్గర కోత గరుకు, చిన్న గాలి బుడగ గుంటతో సహా అన్నీ దాని మీద అచ్చు పడ్డాయి. కింది వైపు మొహం చదునుగా ఉంది. దాని కిందే ఆ తర్వాత ఎవరో శుభ్రమైన కొత్త పైపు తెచ్చి కలిపేశారు.

తీసేసిన చోట మళ్లీ కప్లింగ్ వేయకుండా, మూత ఉన్న చిన్న బాక్సు పెట్టారు. రేపెప్పుడైనా అక్కణ్ణుంచి చెయ్యి పెట్టి లాగడానికి వీలుగా. మా హాల్లో ఇంకా ఫాల్స్ సీలింగ్ వేయించలేదు కాబట్టి పని ఇంత సులువైంది. జిప్సం బోర్డులు బిగించేసి ఉంటే ఆ మూల చేరడానికే సీలింగ్ కోయాల్సి వచ్చేది. ఇంటీరియర్స్ మొదలుపెట్టే ముందే ఇంట్లో ఖాళీ పైపులన్నిట్లోంచీ ఒక తాడు లాగించి చూసుకోమని నేను కనిపించిన ప్రతివాళ్లకీ చెప్తున్నది అందుకే.

కొన్ని పనులు ఎవరు చెప్పినా చేయించకండి. సిమెంటు కరుగుతుందని పైపులో యాసిడ్ పోయమనేవాళ్లున్నారు. ఊడిన జాయింటులోంచి అది కాంక్రీటులోకి, లోపలి ఇనుము దాకా వెళ్తే స్లాబుకే ముప్పు. ఇనుప చువ్వ పెట్టి సుత్తితో కొట్టించడమూ వద్దు, మలుపు దగ్గర అది పైపు గోడను చీల్చుకుని పక్కకు దూసుకుపోతుంది. కేబుల్ జారడానికి నూనె, గ్రీజు పూయకండి, తొడుగు పాడవుతుంది. టాల్కమ్ పౌడర్ చాలు. కేబుల్‌కు కనెక్టర్ ముందే బిగించి ఉంటే దాన్ని కోసేయించండి. ఆ ఆకుపచ్చ కొస మలుపుల్లో ఇరుక్కుంటుంది. లాగడం పూర్తయ్యాక కొత్త కనెక్టర్ వేయించవచ్చు, అతికించే మిషన్ ఉంటే ఇంకా మంచిది. కట్టేటప్పుడు తాడు లోపలి గట్టి పుల్లలకు కట్టాలి, గాజు పోగు మీద బరువు పడకూడదు. వెలుగుతున్న ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు, ఆ కాంతి కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు.

అడ్డు స్లాబు మధ్యలోనో బీములోనో ఉందని తేలితే అక్కడితో ఆపేయాలి. ఇంటర్నెట్ కోసం బీము చెక్కించడం ఏ విధంగానూ సమర్థించలేం. అప్పుడు కూడా కిటికీ కన్నమొక్కటే దారి కాదు. ఫైబర్ డబ్బాను ప్రధాన ద్వారం దగ్గరే పెట్టించుకుని, అక్కణ్ణుంచి లోపలికి వేరే పైపు ఏదైనా బాగుంటే అందులో క్యాట్ 6 కేబుల్ (రాగి తీగల ఇంటర్నెట్ కేబుల్) లాగించుకోవచ్చు. సీలింగ్ అంచు వెంబడి సన్నటి కేసింగ్ పట్టీ వేయించుకోవచ్చు. గోడకు అంటించే పారదర్శకమైన ఫైబర్ కూడా దొరుకుతోంది, ఒక మిల్లీమీటరు లోపు మందం, దగ్గరికెళ్లి చూస్తే తప్ప కనపడదు. అద్దె ఇల్లయితే ఇవే మేలు, ఇంటి ఓనరుతో పేచీ ఉండదు.

ఇదంతా ఎందుకు, వైర్లే లేని కనెక్షన్లు వచ్చాయి కదా అని మా తమ్ముడు వాదించాడు. 2023 సెప్టెంబరులో జియో ఎయిర్‌ఫైబర్ హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో మొదలైంది, పైపు బాధే లేదు అన్నాడు. గాల్లోంచి సిగ్నల్ అందుకునే పరికరం డాబా మీదో బాల్కనీలోనో పెట్టినా, అక్కణ్ణుంచి ఇంట్లోకి ఒక కేబుల్ రావాలి. అది రావడానికీ పైపే కావాలి. ఇవాళ ఫైబర్, నిన్న డీటీహెచ్ కేబుల్, అంతకు ముందు టెలిఫోన్ తీగ. రేపు ఏదొస్తుందో నాకు తెలియదు కానీ, తెరుచుకుని ఉన్న పైపు ఇంట్లో ఉంటే వచ్చేదాన్ని గోడ పగలగొట్టకుండా తెచ్చుకోవచ్చు.

ఇది ఒక్క ఇంటి సమస్య కూడా కాదు. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను పెద్ద ఎత్తున కోసేశారు. ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభాల మీది ఆ కేబుళ్ల గుత్తులకూ, మన కిటికీల్లోంచి దూరే తీగలకూ మూలం ఒకటే. భూమిలో, గోడలో దారి వేయాల్సిన రోజు వేయకపోవడం. వేయాలనుకుంటే కుదరని పనేం కాదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ కోసం డక్టు (కేబుల్ వెళ్లే గొట్టం) కూడా వేశారు. ఒకసారి తవ్వినప్పుడే రెండు పనులూ చేయడమన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. స్లాబు పోసే రోజు కూడా అలాంటి రోజే.

కాగితం మీద నియమాలకు కొదవ లేదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఎనిమిదో భాగం కింద సమాచార, కమ్యూనికేషన్ ఏర్పాట్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. రేటింగ్ తీసుకోవడం స్వచ్ఛందం కాబట్టి, కొనేవాళ్లు అడిగితేనే బిల్డర్లు దాని జోలికి వెళ్తారు. అడగడం మన పని.

వీటన్నిటికన్నా మనకు చేతికి అందే ఆయుధం రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం. 2016 నాటి ఆ చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్ల లోపు నిర్మాణంలో, పనితనంలో, సదుపాయాల్లో లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. స్విచ్ వేస్తే లైటు వెలగకపోవడం లోపమైతే, ఇంటర్నెట్ కోసమని చూపించి అమ్మిన పైపులోంచి కేబుల్ రాకపోవడం కూడా లోపమే. అందుకే గోడ తవ్వించే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి. స్ప్రింగు ఆగిన చోటు, టేపు గుర్తు, కోసి తీసిన ముక్క, అన్నిటికీ. నేను తీసిన ఫొటోలను అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టగానే, కిటికీలకు కన్నాలు పెట్టించుకున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఎవరికి వాళ్లు తమ ఒక్క ఇంట్లోనే ఇలా జరిగిందనుకుని ఊరుకున్నారు.

ఇప్పుడు అసోసియేషన్ తరఫున బిల్డర్‌కు ఉత్తరం రాశాం. ప్రతి ఫ్లాటులో షాఫ్ట్ నుంచి టీవీ పాయింట్ దాకా ఉన్న పైపును మా ఎదుట తాడు లాగి చూపించాలని, జామ్ అయిన చోట తెరిచి బాక్సు పెట్టాలని, లాగిన నైలాన్ తాడును లోపలే వదిలేయాలని, పెట్టిన కన్నాలు పూడ్చి ఫ్రేములు బాగుచేయాలని అడిగాం. పక్క బ్లాకులో ఇంకా స్లాబులు పోస్తున్నారు కాబట్టి, అక్కడ కొసలకు మూతలు పెట్టాకే కాంక్రీటు మొదలుపెట్టాలని కూడా రాశాం. మా బ్లాకులో ఎలక్ట్రీషియన్లు వచ్చి పై అంతస్తు నుంచి చూడడం మొదలుపెట్టారు. కన్నాల సంగతి, పక్క బ్లాకు సంగతి ఇంకా జవాబు రాలేదు. రాకపోతే తర్వాతి ఉత్తరం రెరాకే.